థండర్‌బర్డ్ స్టీరియోకి పాత ఐపాడ్ కలిపితే కూత పెడుతుంది, ఎట్ల ఆపాలె?

థండర్‌కిట్టు
బండి థండర్‌బర్డ్ 350, 2014 మోడల్. లెగ్‌గార్డ్‌కి రెండు స్పీకర్లు, సీటు కింద చిన్న యాంప్, హ్యాండిల్ మీద డిస్‌ప్లే, ఈ సెట్టు మా గల్లీ ఎలక్ట్రీషియన్ బిగించిండు. పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఎఫ్ఎం, ఆక్స్ (బయటి ప్లేయర్ వైరు గుచ్చే జాక్) అన్నీ ఉన్నయ్ దాంట్ల. నా దగ్గర ఐపాడ్ క్లాసిక్ 160 జీబీది ఉంది, మా మామ అమెరికా నుంచి వచ్చినప్పుడు ఇచ్చి పోయిండు, దాంట్ల పాత తెలుగు పాటలు, పద్యాలు, ఆయన క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న బుర్రకథలు, ఇంకెక్కడా దొరకనివి ఉన్నయ్. మొదట యూఎస్‌బీ వైరుతోటి పెడితే డిస్‌ప్లే మీద ఎర్రర్ అని వస్తుంది తప్ప పాట రాదు. ఆక్స్ వైరుతోటి పెడితే పాట వస్తుంది గానీ బండి స్టార్ట్ చేయంగనే వెనకాల కుయ్‌య్‌య్ అని ఒక కూత, యాక్సిలేటర్ ఇస్తే కూత సన్నబడుకుంట పైకి పోతది, వదిలితే కిందికి వస్తది. ఇంజిన్ బంద్ చేస్తే ఏం లేదు, క్లీన్. స్టీరియో పోయిందా, ఐపాడ్ పోయిందా, ఎవరన్న చెప్పుండ్రి.

ఎన్‌హెచ్65
ఫోన్ ఉండగా ఐపాడ్ ఏంటి గురూ, మ్యూజియంలో పెట్టాల్సిన సామాను బండికి కడతావా 😂

పల్సర్‌పిల్ల
@ఎన్‌హెచ్65 మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటి శ్రీశైలం వైపు వెళ్లి చూడు, ఫోన్‌లో సిగ్నల్ పోయాక నీ ప్లేలిస్ట్ ఏం పాడుతుందో. పైగా ఫోన్ మ్యాప్‌కి కావాలి, కాల్స్‌కి కావాలి. పాటలకి వేరే డబ్బా ఉంటే తప్పేంటి.

ఎన్‌హెచ్65
డౌన్‌లోడ్ చేసుకోవచ్చు కదమ్మా

పల్సర్‌పిల్ల
మామయ్య క్యాసెట్ బుర్రకథలు ఏ యాప్‌లో డౌన్‌లోడ్ చేస్తావు?

సోల్డర్‌బాబాయ్
ముందు యూఎస్‌బీ సంగతి తేల్చేద్దాం, దాని మీద టైం దండగ చేసుకోకు అబ్బాయ్. ఈ సెట్లు పెన్‌డ్రైవ్ అంటే ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఎంపీ3 ఫైళ్లు మాత్రమే చదువుతాయి, కొన్ని డబ్ల్యూఎంఏ కూడా. ఐపాడ్‌లో పాటలు నీకు కనపడే పేర్లతో ఉండవు, కనపడని ఫోల్డర్‌లో ఎఫ్00, ఎఫ్01 అంటూ ముక్కలు ముక్కలుగా, నాలుగక్షరాల పేర్లతో పడి ఉంటాయి. అందులో సగం ఎంపీ3 కాకుండా ఏఏసీ అనే ఇంకో ఫార్మాట్‌లో అయ్యుంటాయి. మీ మామగారు మ్యాక్ కంప్యూటర్‌తో ఎక్కించి ఉంటే డిస్క్ ఫార్మాట్టే వేరు, నీ స్టీరియోకి అది ఖాళీ డబ్బా కింద లెక్క. పైగా లోపల తిరిగే హార్డ్ డిస్క్‌కి చాలినంత కరెంటు ఆ సెట్టు యూఎస్‌బీ ఇవ్వలేకపోవచ్చు. కాబట్టి ఆక్సే నీ దారి.

ఇప్పుడు కూత సంగతి. ఒకటే ప్రశ్న. బండి నడిచేటప్పుడు ఐపాడ్ ఛార్జింగ్‌కి పెట్టి ఉంటుందా?

థండర్‌కిట్టు
ఉంటది బాబాయ్, బ్యాటరీ పాతది కదా. హ్యాండిల్ మీద యూఎస్‌బీ ఛార్జర్ ఉంది, 12 వోల్ట్‌ల నుంచి 5 చేసేది, దానికి పెడతా.

సోల్డర్‌బాబాయ్
ఛార్జింగ్ వైరు పీకి, ఆక్స్ ఒక్కటే ఉంచి, స్టార్ట్ చేసి చూడు. ఇంకేం మార్చకు. ఒకేసారి నాలుగు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మెకానిక్‌గారిఅబ్బాయి
నాన్న షెడ్డుకి ఇలాంటి బళ్లు వారానికొకటైనా వస్తాయి, అందరూ స్టీరియో పోయిందనే వస్తారు. నేనైతే ఆక్స్ గొడవే వద్దంటాను, ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ఒకటి ఐపాడ్ జాక్‌కి గుచ్చి సెట్టులో ఎఫ్ఎం పెట్టుకుంటే సరి. వైరు ఉండదు, కూత ఉండదు.

కోఠిచిట్టి
హైదరాబాద్‌ల ఎఫ్ఎం ట్రాన్స్‌మిటరా?? 91.1, 92.7, 93.5, 98.3, 101.9, 102.8... జాగా ఏడుంది అన్నా. ఖాళీ దొరికిందని పెడితే పక్క స్టేషన్ గుసగుసలాడుతది. నేను వాడిన, దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ పోయే లోపల నా పాట మీదికి ఎవడో యాడ్ వస్తుండె, ఊరు దాటినంక మళ్ల బాగుంటది.

మెకానిక్‌గారిఅబ్బాయి
మా గుంటూరులో ఆ సమస్య లేదులే 😄

సోల్డర్‌బాబాయ్
ఎఫ్ఎంలో ఎలాగూ 15 కిలోహెర్ట్జ్ పైన సౌండ్ రాదు, బండి మీద అది ఎవరికీ తెలియదు, ఒప్పుకుంటా. కానీ ఆ ట్రాన్స్‌మిటర్‌కి కూడా కరెంటు కావాలి కదా, బండి ఛార్జర్ నుంచే ఇస్తే మళ్లీ అదే కూత దానిలోంచి ఎక్కుతుంది. వైరు లేదు కాబట్టి కూత లేదు అనుకోకు.

థండర్‌కిట్టు
చేసిన బాబాయ్. ఛార్జింగ్ పీకంగనే కూత మాయం!! రేస్ ఇచ్చినా గూడ ఏం లేదు. మళ్ల పెట్టిన, మళ్ల వచ్చింది. అంటే ఛార్జర్ ఖరాబా?

సోల్డర్‌బాబాయ్
ఛార్జర్ పాడవలేదు, స్టీరియో పాడవలేదు, ఐపాడ్ అసలే పాడవలేదు. మూడూ బాగున్నాయి, వాటిని కలిపిన తీరులో ఉంది తేడా.

చూడు. యాంప్ నెగటివ్ వైరు మీ ఎలక్ట్రీషియన్ సీటు కింద ఫ్రేమ్‌కి ఎక్కడో బోల్టు కింద బిగించి ఉంటాడు. ఛార్జర్ నెగటివ్ హెడ్‌లైట్ డోమ్ లోపల ఇంకో నల్ల వైరుకి చుట్టి ఉంటాడు. రెండూ ఎర్తే, కానీ రెండు చోట్లా వోల్టేజి అచ్చంగా ఒకటి కాదు, ఎందుకంటే మధ్యలో ఉన్న వైరులోంచి, ఫ్రేమ్‌లోంచి లైటు కరెంటు, ఆల్టర్నేటర్ ఛార్జింగ్ కరెంటు పారుతుంటాయి. ఇప్పుడు నువ్వు ఛార్జింగ్ కేబుల్, ఆక్స్ కేబుల్ రెండూ ఐపాడ్‌కి పెట్టావు. ఛార్జర్ ఎర్తు నుంచి ఐపాడ్ లోపలికి, అక్కడి నుంచి ఆక్స్ వైరు లోపల చుట్టూ ఉండే ఎర్తు జాలీ మీదుగా యాంప్ ఎర్తుకి ఒక చుట్టు పూర్తయింది. ఆ చుట్టులో తిరిగే కొద్దిపాటి కరెంటే యాంప్‌కి పాటలా కనపడుతుంది, అదీ గొంతు పెంచి వినిపిస్తుంది. ఇంజిన్ స్పీడు పెరిగితే ఆల్టర్నేటర్ ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, అందుకే కూత సన్నబడుతుంది. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు.

పల్సర్‌పిల్ల
ఇంత క్లియర్‌గా మా ఇంజినీరింగ్ కాలేజీలో చెప్పి ఉంటే సప్లీ రాసేదాన్ని కాదు.

ఎన్‌హెచ్65
మరి ట్రీట్‌మెంట్ ఏంటి డాక్టరుగారూ

సోల్డర్‌బాబాయ్
ఖర్చు లేనిది ముందు. యాంప్ నల్ల వైరు, ఛార్జర్ నల్ల వైరు రెండూ తీసుకెళ్లి నేరుగా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద ఒకే చోట బిగించాలి. ఫ్రేమ్ బోల్టులు, పెయింటు గీకడాలు వద్దు. దీనితో కూత బాగా తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగా పోతుంది. మిగిలితే ఆక్స్ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టు. లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, పాట దాటుతుంది, ఎర్తు దాటదు.

కోఠిచిట్టి
అది కోఠి గుజరాతీ గల్లీల దొరుకుతది. రెండు పక్కల 3.5 ఎంఎం జాక్ ఉన్నదే అడుగుండ్రి, కారుది అని ఆర్‌సీఏ పిన్నులది (లావు గుండ్రటి పిన్నులు, మన జాక్‌కి పట్టవు) చేతుల పెడ్తరు. చిన్న సైజుది తీస్కుంటే బేస్ కొంచెం పోతది, ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది కదా.

మెకానిక్‌గారిఅబ్బాయి
బేస్ పోతే పోయింది, ఆ లెగ్‌గార్డ్ స్పీకర్లలో బేస్ ఎక్కడుందిలే అసలు

టెక్కలిటెకీ
ఐసోలేటర్ ఎందుకు, బీ0505ఎస్ అని చిన్న ఐసోలేటెడ్ కన్వర్టర్ (రెండు పక్కల ఎర్తులు కలవనివ్వనిది) వస్తుంది, దాన్ని ఛార్జర్‌కీ ఐపాడ్‌కీ మధ్యలో పెడితే పవర్ సైడే తెగిపోతుంది కదా, ఆడియో వైపు అసలు చెయ్యి పెట్టక్కర్లేదు, బేస్ కూడా పోదు. ఇదే సరైన పద్ధతి.

సోల్డర్‌బాబాయ్
పద్ధతి సరైనదే, పార్టు సరైనది కాదు. అది ఒక వాట్‌ది, అంటే 5 వోల్ట్‌ల దగ్గర 200 మిల్లీయాంప్‌లు. ఐపాడ్ ఛార్జ్ అవుతూ డిస్క్ తిప్పుకుంటూ 500 దాకా లాగుతుంది. నీ కన్వర్టర్ కాసేపట్లో వేడెక్కి కూర్చుంటుంది.

టెక్కలిటెకీ
5 వాట్లది కూడా దొరుకుతుందండీ, ఖరీదు ఎక్కువ అంతే.

సోల్డర్‌బాబాయ్
అదైతే పెట్టుకో, నాకు అభ్యంతరం లేదు.

ఎన్‌హెచ్65
మీరిద్దరూ పెళ్లి సంబంధం మాట్లాడుకుంటున్నట్టు ఉంది

పల్సర్‌పిల్ల
పవర్‌బ్యాంక్ అన్నిటికన్నా సుఖం. ట్యాంక్‌బ్యాగ్‌లో పవర్‌బ్యాంక్, దానికి ఐపాడ్, ఐపాడ్ నుంచి ఆక్స్. బండి ఎర్తుతో సంబంధమే లేదు కాబట్టి కూతే రాదు. ఒక్క తిరకాసు, ఐపాడ్ ఫుల్ అయ్యాక తక్కువ కరెంటు లాగుతుంది కదా, పవర్‌బ్యాంక్ ఎవరూ లేరనుకుని ఆరిపోతుంది. ఆరితే ఆరనీ, అప్పటికి ఐపాడ్ నిండే ఉంటుంది. ఇంకోటి, పవర్‌బ్యాంక్‌ని మళ్లీ బండి ఛార్జర్‌కి గుచ్చొద్దు, అప్పుడు కథ మొదటికొస్తుంది.

థండర్‌కిట్టు
కొత్తగ ఉన్నప్పుడు ఈ ఐపాడ్ ఎంతసేపు వస్తుండె ఎవరికన్న ఎరుకేనా

టెక్కలిటెకీ
2009లో వచ్చిన 160 జీబీది పాటలకి 36 గంటలు అని కంపెనీ లెక్క. పాతబడ్డాక అందులో ఎంత మిగిలిందో నీకే తెలియాలి. బ్యాటరీ మార్చుకోవచ్చు, కాకపోతే క్లాసిక్ మూత తెరవడం నరకం, క్లిప్పులు వంగిపోతాయి. 2014లోనే క్లాసిక్ అమ్మడం మానేశారు, కాబట్టి మూత పాడైతే పాత సామాన్లలో వెతుక్కోవడమే.

నిశ్శబ్దం
నా మనవి ఒకటి. మీ పాటలు మీకు తియ్యగానే ఉండవచ్చు. రాత్రి పదకొండు గంటలకు మా వీధిలో స్పీకర్లు పెట్టుకుని వెళ్లే బుల్లెట్ల వల్ల మాకు నిద్ర లేదు. శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. హెల్మెట్‌లో వినండి, ఎవరు వద్దన్నారు.

థండర్‌కిట్టు
సార్, నేను రాత్రి బండి తియ్యను, తీసినా గల్లీల సౌండ్ బంద్ చేస్తా. మా అమ్మ నాకంటె ఎక్కువ కొడ్తది.

మెకానిక్‌గారిఅబ్బాయి
నిశ్శబ్దం గారూ, నిజం చెప్పాలంటే స్పీకర్ కన్నా ఆ సైలెన్సర్లు పీకేసినోళ్లతోనే మాకూ తలనొప్పి. మా నాన్న ఆ పని చెయ్యడు, వచ్చినోళ్లని తిట్టి పంపిస్తాడు.

నిశ్శబ్దం
మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

ఎన్‌హెచ్65
అసలు 70 దాటాక ఫుల్‌ఫేస్ హెల్మెట్‌లో ఏం వినపడుతుంది చెప్పండి, గాలి హోరు తప్ప. సూర్యాపేట టోల్ దగ్గర ఆగినప్పుడు పక్కోళ్లకి మనకన్నా బాగా వినపడుతుంది

పల్సర్‌పిల్ల
ఇది మాత్రం నిజం. బేస్ మొత్తం గాలి తినేస్తుంది, గొంతు ఒక్కటే మిగులుతుంది. అందుకే బుర్రకథ బాగుంటుందేమో 😄

సోల్డర్‌బాబాయ్
అందుకే బేస్ తీసెయ్యమంటాను. ప్రతి స్పీకర్‌కి వరుసలో 220 మైక్రోఫారడ్ నాన్‌పోలార్ కెపాసిటర్ ఒకటి వేస్తే, 4 ఓమ్‌ల స్పీకర్‌కి దాదాపు 180 హెర్ట్జ్ కింద ఉన్నది కోసేస్తుంది. చిన్న కోన్ ఊగి ఊగి చిరగదు, మిగిలిన బలం గొంతుకి పోతుంది. డబ్బా మీద 500 వాట్లు అని రాసి ఉంటే నమ్మకండి, 12 వోల్ట్‌ల మీద 4 ఓమ్‌లకి బ్రిడ్జ్ యాంప్ ఇచ్చేది ఛానల్‌కి పదిహేను, మహా అయితే పద్దెనిమిది వాట్లు. లెక్క అంతే.

మెకానిక్‌గారిఅబ్బాయి
బ్రిడ్జ్ అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. మొన్న ఒకాయన కొత్త సెట్టు తెచ్చి బిగించమన్నాడు, బిగించాం, బాగా పాడింది. ఇంటికెళ్లి వాళ్ల బావమరిది స్పీకర్ నెగటివ్ వైరు పొడుగు చాల్లేదని దాన్ని తీసుకెళ్లి లెగ్‌గార్డ్‌కే చుట్టేశాడంట, అదీ ఎర్తే కదా అని. స్విచ్ వేసిన క్షణంలో యాంప్ చిప్పు (ఐసీ) పొగ. ఈ యాంప్‌లలో స్పీకర్ ప్లస్ మైనస్ రెండూ యాంప్ నుంచే నడుస్తాయి, మైనస్ ఎర్తు కాదు. ఫ్రేమ్‌కి తగిలితే పోయినట్టే. మళ్లీ మా దగ్గరికే వచ్చి మీరే సరిగ్గా బిగించలేదని గొడవ.

కోఠిచిట్టి
బావమర్దిని బిగించాలె ముందు

డల్లాస్‌వాసు
ఇక్కడ నా దగ్గర 2009 స్ట్రీట్ గ్లైడ్ ఉంది, సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నా. హార్లే టూరింగ్ బళ్లలో 2006 నుంచి 2013 దాకా వచ్చిన హార్మన్ కార్డన్ రేడియోకి 3.5 ఎంఎం ఆక్స్ జాక్ ఉంటుంది, బ్లూటూత్ ఉండదు. 2014లో కొత్త సిస్టమ్ వచ్చాకే యూఎస్‌బీ, బ్లూటూత్ వచ్చాయి. నేను ఐపాడ్ నానో పెట్టి జాక్‌కి గుచ్చి వదిలేశా, సిగరెట్ లైటర్ ఛార్జర్‌కి పెడితే నాకూ ఇదే కూత. కాబట్టి కిట్టూ, లక్షలు పోసి కొన్న బండికి కూడా ఎర్తు ఎర్తే, బాధపడకు. ఐసోలేటర్‌తో పోయింది నాకు.

ఎన్‌హెచ్65
హార్లేకీ కూతేనా, మనసు చల్లబడింది

టెక్కలిటెకీ
పెద్ద బళ్ల మాటొస్తే 2018 హోండా గోల్డ్‌వింగ్‌లో యాపిల్ కార్‌ప్లేనే (ఐఫోన్ పాటలు, మ్యాప్ బండి తెర మీదే వచ్చేది) ఇచ్చారు, బైక్‌లలో అదే మొదటిది. మనం ఇక్కడ ఐసోలేటర్ కోసం కొట్టుకుంటున్నాం.

డల్లాస్‌వాసు
దాని ధరకి మా ఊళ్లో అరెకరం వచ్చేది 😅

థండర్‌కిట్టు
ఇంకో డౌట్. క్లాసిక్‌ల హార్డ్ డిస్క్ తిరుగుతది కదా, థండర్‌బర్డ్ వైబ్రేషన్‌కి ఖరాబు కాదా? హ్యాండిల్‌కి మొబైల్ హోల్డర్ల పెట్టుకుంటే డిస్‌ప్లే కనపడ్తదని అనుకుంటున్న.

టెక్కలిటెకీ
హ్యాండిల్ మీద వద్దే వద్దు. క్లాసిక్ డిస్క్ ఎప్పుడూ తిరగదు, కాసేపు తిరిగి కొన్ని పాటలు మెమరీలోకి లాక్కుని ఆగిపోతుంది, పాట నడిచేది మెమరీ నుంచే. కాబట్టి ఎక్కువసేపు డిస్క్ నిద్రలోనే ఉంటుంది. కానీ నువ్వు ఊరికే పాటలు మారుస్తూ పోతే, లేదా పెద్ద పెద్ద లాస్‌లెస్ (క్వాలిటీ తగ్గించకుండా దాచిన) ఫైళ్లు పెడితే, మాటిమాటికీ లేస్తుంది, ఆ లేచిన టైంలో గుంతలో పడితే గీత పడినట్టే. ట్యాంక్‌బ్యాగ్‌లో మందం స్పాంజి మధ్య పెట్టు.

పల్సర్‌పిల్ల
ట్యాంక్‌బ్యాగ్ కూడా మే నెలలో వద్దు. కింద ఇంజిన్, పైన ఎండ. ఐపాడ్ వాడాల్సిన వేడి 35 డిగ్రీల లోపు అని యాపిలే రాసింది, మన దగ్గర మేలో అది పగలు మామూలుగానే దాటుతుంది. భుజం బ్యాగ్‌లో పెట్టి వైరు ముందుకి లాక్కోవడం నయం.

సోల్డర్‌బాబాయ్
అసలు పని ఇది. ఆ డిస్క్ తీసేసి, దాని జాగాలో ఎస్‌డీ కార్డు పట్టే అడాప్టర్ బోర్డు వేయించు. తిరిగే భాగం ఉండదు, బ్యాటరీ కూడా ఎక్కువ వస్తుంది. కానీ అంతకన్నా ముందు, కిట్టూ, ఆ బుర్రకథలు ఇంకెక్కడా లేవన్నావు. ఐపాడ్ మొత్తం కంప్యూటర్‌లోకి కాపీ తీశావా?

థండర్‌కిట్టు
తియ్యలే.

సోల్డర్‌బాబాయ్
కూత తర్వాత. ఈ రాత్రికి కాపీ. పైన చెప్పిన దాచిపెట్టిన ఫోల్డర్ మొత్తం అలాగే కాపీ చేసుకో, పేర్లు పిచ్చిగా ఉన్నా ఫైలు లోపల పాట పేరు ట్యాగ్‌లో ఉంటుంది, తర్వాత ఏ ప్లేయర్‌లో వేసినా చదువుతుంది.

టెక్కలిటెకీ
+1. ఆ పదిహేనేళ్ల డిస్క్‌ని బండి మీద తిప్పుతున్నావని తెలిస్తే మీ మామ అమెరికా నుంచి ఫ్లైట్ ఎక్కి వస్తాడు.

థండర్‌కిట్టు
రెండు దినాల తర్వాత అప్‌డేట్: కాపీ అయింది, మొత్తం. రెండు నల్ల వైర్లు బ్యాటరీ మైనస్‌కి తెచ్చిన, బాబాయ్ చెప్పినట్టే ఛార్జర్ ఎర్తు హెడ్‌లైట్ డోమ్‌ల ఉండె, యాంప్‌ది సీటు కింద బోల్టుకు ఉండె. కూత పావు వంతుకు వచ్చింది. చిట్టన్న చెప్పిన గల్లీల ఐసోలేటర్ తెచ్చి పెట్టిన, ఇప్పుడు అస్సలే లేదు. కానీ ఇప్పుడు కొత్తగ చిన్నగ టిక్ టిక్ టిక్ అని వినపడుతుంది, పాట ఆగినప్పుడు మాత్రమే.

మెకానిక్‌గారిఅబ్బాయి
అది ప్లగ్గు. కూత కింద ఇన్నాళ్లూ వినపడలేదు. ఆక్స్ వైరు ట్యాంకు కింద ఇగ్నిషన్ కాయిల్ పక్కనుంచి లాగి ఉంటావు, దాన్ని ఫ్రేమ్ రెండో పక్కకి మార్చు. ప్లగ్గు నంబరు కూడా చూడు, ఎన్‌జీకే కంపెనీది అయితే నంబరులో ఆర్ అనే అక్షరం ఉంటే రెసిస్టర్ ఉన్న ప్లగ్గు, ఇలాంటి టిక్కుల్ని తగ్గించేది. ఎవరైనా ఆర్ లేనిది వేసి ఉంటే కంపెనీ చెప్పిన రెసిస్టర్ ప్లగ్గే మళ్లీ వెయ్యి.

సోల్డర్‌బాబాయ్
ఇంకోటి, హెడ్‌ఫోన్ జాక్ నుంచే తీస్తున్నావు కదా. ఐపాడ్ వాల్యూమ్ ముప్పావు దాకా పెట్టి, మిగిలింది స్టీరియోలో పెంచు. ఐపాడ్‌లో సన్నగా పెట్టి యాంప్‌లో ఫుల్ పెడితే టిక్కులన్నీ పాటతో సమానంగా పెరుగుతాయి. కుదిరితే కింద వెడల్పు పోర్టుకి పెట్టే లైన్‌అవుట్ కేబుల్ తెచ్చుకో, అందులో సౌండ్ లెవెల్ ఫిక్స్‌డ్‌గా వస్తుంది, ఐపాడ్ లోపలి హెడ్‌ఫోన్ యాంప్‌తో పనే లేదు. ఛార్జింగ్ కూడా అదే కేబుల్‌లో ఉంటుంది. ఆ ఛార్జింగ్ కూడా బండి నుంచే కాబట్టి ఐసోలేటర్ అలాగే ఉండనీ.

కోఠిచిట్టి
ఆ వెడల్పు 30 పిన్నుల కేబుల్ ఇప్పుడు షాపుల దొరుకుడు కష్టం, ఆన్‌లైన్‌ల పాతవి దొరుకుతయ్. ఛార్జింగ్ కేబుల్ ఇచ్చి ఇదే అది అంటరు, ఆడియో జాక్ ఉందా లేదా చూసి కొనుండ్రి.

థండర్‌కిట్టు
వైరు రెండో పక్కకు మార్చిన, టిక్ పోయింది. ప్లగ్గు సరిగ్గనే ఉంది.

టెక్కలిటెకీ
యాంప్ ప్లస్ వైరు ఇగ్నిషన్ స్విచ్ నుంచి రిలే (తాళం వేస్తేనే కరెంటు కలిపే స్విచ్) మీదుగా వస్తోందా, డైరెక్ట్ బ్యాటరీ నుంచా? డైరెక్ట్ అయితే బండి ఆపేసినా స్టాండ్‌బైలో కొంచెం కొంచెం తాగుతూనే ఉంటుంది. రెండు వారాలు బండి తీయకపోతే సెల్ఫ్ తిరగదు.

థండర్‌కిట్టు
డైరెక్టే ఉంది. ఫ్యూజ్ గూడ లేదు.

సోల్డర్‌బాబాయ్
ఫ్యూజ్ లేదా!! బ్యాటరీ ప్లస్ దగ్గరే, జానెడు దూరంలోపు 5 యాంప్‌ల ఫ్యూజ్ వెయ్యి ముందు. తర్వాత రిలే. సీటు కింద వైరు ఒరుసుకుని ఫ్రేమ్‌కి తగిలిందంటే, పక్కనే పెట్రోల్ ట్యాంక్ ఉందని గుర్తుంచుకో. మీ ఎలక్ట్రీషియన్‌ని నా దగ్గరికి పంపించు.

ఎన్‌హెచ్65
బావమరిది, ఎలక్ట్రీషియన్ ఇద్దర్నీ ఒకే బస్సులో పంపించండి

విజయనగరంవెంకీ
టాపిక్ మొత్తం చదివానండి. నాది యాక్టివా. డిక్కీలో సెట్టు పెట్టి, డాష్ పక్కన రెండు స్పీకర్లు పెట్టి, ఫోన్ ఆక్స్‌కి పెడితే పాటలో గొంతు రావట్లేదు, మ్యూజిక్ మాత్రం వస్తోంది. కూత లేదు. ఇదేంటి?

టెక్కలిటెకీ
ఆక్స్ పిన్నుకి నల్ల గీతలు రెండున్నాయా, మూడా? మూడుంటే అది మైకు ఉన్న హెడ్‌సెట్ కేబుల్. సెట్టు జాక్‌లో ఎర్తు సరిగ్గా తగలక, కుడి ఎడమ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి, రెండిట్లో సమానంగా ఉండే గొంతు అందుకే మాయం. రెండు గీతలది తెచ్చుకో.

విజయనగరంవెంకీ
మూడే ఉన్నాయండి. రేపు మారుస్తా. ఇన్నాళ్లూ కరోకే అనుకుని మా ఆవిడ పాడుతోంది.

పల్సర్‌పిల్ల
మార్చే ముందు ఆవిడని అడగండి 😂